గుట్టకి గేటు వేయాలా, తీయాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. పదకొండేళ్లు గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేశాను. ఆరు నెలల క్రితం ఆ ఉద్యోగం మానేసి ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. శంకర్‌పల్లి అవతల వాళ్లకి 60 ఎకరాల గుట్ట ఉంది. బండలు, గడ్డి, అక్కడక్కడా చెట్లు. ఆ భూమిని చూసుకోవడం, చూడడానికి వచ్చేవాళ్లకి కార్యక్రమాలు నడపడం రెండూ నా బాధ్యతే. ఆదివారం వస్తే 200 మంది దాకా వస్తున్నారు. పైకి వెళ్లే బాట కాలువలా కోసుకుపోయింది. సంస్థ పెట్టిన పెద్దసారు ‘గేటు మూసెయ్యి, నేల కోలుకోనీ’ అంటారు. ట్రస్టీలు ‘జనం రాకపోతే విరాళాలు ఎక్కడివి’ అంటారు. ఒక కంపెనీ జూలైలో 400 మంది ఉద్యోగులతో వచ్చి, పైనున్న ఖాళీ జాగాలో ఒక్కరోజులో 5,000 మొక్కలు నాటుతామంటోంది. డబ్బు కూడా బాగానే ఇస్తామంటోంది. మేకలు రాకుండా కంచె వేశామని ఊళ్లోవాళ్లు కోపంగా ఉన్నారు. నేను చదివింది బీటెక్. ఒక్క చెట్టు పేరు గట్టిగా చెప్పలేను. అమెరికాలో ఇలాంటి ఉద్యోగాలకి ఏమేం రావాలో రాసినవి చదివితే ఇంకా భయం వేస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మణికొండ

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో నా కళ్లు ముందు ‘జూలై’ దగ్గర ఆగాయి. మిగతావన్నీ నెమ్మదిగా చక్కదిద్దుకోవచ్చు. దానికి మాత్రం ఈ వారంలోనే జవాబు చెప్పాలి. పైనున్న గడ్డి నేలలో ఆ 5,000 మొక్కలు నాటనివ్వకండి. కంపెనీని వద్దనకండి, డబ్బునీ వద్దనకండి. ఆ నాటడం ఒక్కటి వద్దనండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన సంస్థకి ఇలాంటి గుట్టే ఒకటి ఉండేది. పైన చదునుగా ఎర్ర మొరం, దాని మీద మోకాలెత్తు గడ్డి. ఏప్రిల్‌లో చూస్తే అంతా ఎండిపోయి బోడిగా కనిపించేది. ఖాళీగా పడి ఉంది కదా, అడవి చేద్దాం అనుకున్నాం. ఒక కంపెనీ వాళ్లు బస్సుల్లో వచ్చి ఒక్క పొద్దున్నే రెండు వేల మొక్కలు పెట్టి వెళ్లారు. ఆ రోజు మా అందరికీ ఎంత సంతోషమో! ఆ మొరంలో అడుగు లోతు తవ్వితే బండ తగులుతుంది. ఆ ఏడు వానలు మధ్యలో ముఖం చాటేశాయి. ట్యాంకర్లతో నీళ్లు పోశాం. మూడో ఏటికి నూటికి పది మొక్కలు కూడా మిగల్లేదు. మొక్కలు పోతే పోయాయనుకోవచ్చు. కానీ గుంత తీసిన చోటల్లా గడ్డి వేరు తెగింది. ఆ వదులు మట్టిలో వయ్యారిభామ (పార్థీనియం) కలుపు లేచింది. అంతకుముందు పొద్దున్నే ఆ గడ్డిలో నడుస్తుంటే కాళ్ల ముందు నుంచి కౌజుపిట్టలు బుర్రుమని లేచేవి. తర్వాత రెండేళ్లు నేను రోజూ అదే బాటలో నడిచాను. ఒక్కటీ లేవలేదు.

మన దగ్గర ఏడాదికి పడే వాన 800 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. అది కూడా ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. బండ మీద పలచని మట్టి. అలాంటి చోట సహజంగా ఉండేది గడ్డి, ముళ్లపొదలు, రాళ్ల సందుల్లో నాలుగు గట్టి చెట్లు. రికార్డుల్లో దాన్ని బంజరు అని రాశారు గానీ అది ఖాళీ జాగా కాదు. ఆ గడ్డి వేళ్లే మొరాన్ని పట్టుకుని ఉన్నాయి. పచ్చగా ఉంటే చాలు అనుకుంటే ఏమవుతుందో హైదరాబాద్ నగరం కోనోకార్పస్ అనే పరాయి దేశపు చెట్టుతో చూసింది. ముందు రోడ్ల పొడుగునా నాటారు, తర్వాత వద్దని నర్సరీల్లోనే ఆపేశారు.

మరి కంపెనీకి ఏం చెప్పాలి? లాభాలు ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టంలో ఉంది. కాబట్టి వాళ్లకి ఖర్చు చూపించుకోవడానికి ఒక పని కావాలి, రిపోర్టులో రాసుకోవడానికి ఒక లెక్క కావాలి. ఆ రెండూ మీరే తయారుచేసి చేతిలో పెట్టండి. ‘400 మందిని ఒకే రోజు తీసుకురాకండి, 40 మంది చొప్పున పదిసార్లు రండి’ అనండి. జూలై, ఆగస్టుల్లో వయ్యారిభామ పూతకి రాకముందే వేరుతో పీకే పని పెట్టండి. చేతికి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఉబ్బసం, చర్మం అలర్జీ ఉన్నవాళ్లని ఆ పనికి అస్సలు పెట్టొద్దు. శీతాకాలంలో సర్కారు తుమ్మ తీయించండి. దాన్ని నేలకి సమంగా నరికితే మళ్లీ పదింతలు చిగురిస్తుంది. మట్టి తవ్వి, మొదలు కింద వేరు దగ్గర కోయాలి. అది బలమైన మనుషుల పని, అలవాటున్న ఊరివాళ్లు పక్కన ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలియనివాళ్లు లేత జమ్మిని చూసి సర్కారు తుమ్మ అనుకుని నరికేస్తారు. రెండూ దగ్గరి చుట్టాలే, ఆకు కూడా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. ముళ్లు చూడండి. సర్కారు తుమ్మకి ముళ్లు ఆకు పుట్టే కణుపు దగ్గర ఉంటాయి. జమ్మికి కణుపుకీ కణుపుకీ మధ్య, కొమ్మ మీద చిన్న చిన్న ముళ్లు ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు జమ్మి మొక్కలన్నిటికీ తెల్లగుడ్డ ముక్క కట్టించండి. మన రాష్ట్ర వృక్షాన్ని మనమే నరికామన్న బాధ ఉండదు.

నాటాల్సిందేనని వాళ్లు పట్టుబడితే కంచె వెంబడి, లేదా పాత క్వారీ గుంత లాంటి చోటు ఏదైనా ఉంటే అక్కడ, నాలుగైదు వందలకి మించకుండా నాటించండి. మోదుగ, రేల, జమ్మి, తంగేడు, సీతాఫలం చాలు. విత్తనం మీ గుట్ట మీదిదే అయితే మరీ మంచిది. మొక్కల ఖర్చుతో పాటు రెండేళ్లు ఇద్దరు మనుషుల జీతం కూడా వాళ్లనే అడగండి. నాటే రోజు గురించి కాదు, ఆ తర్వాతి రెండేళ్ల గురించి మాట్లాడే కంపెనీ దొరికితే వదులుకోకండి.

ఇక బాట సంగతి. పెద్దసారు, ట్రస్టీలు ఇద్దరూ మనుషుల లెక్క గురించే వాదించుకుంటున్నారు. ఒకరు సున్నా అంటున్నారు, ఇంకొకరు 200 అంటున్నారు. నా అనుభవంలో నేలని పాడుచేసేది తలల లెక్క కాదు. అడుగు ఎక్కడ పడుతోంది, ఏ నెలలో పడుతోంది అన్నది. జూబ్లీహిల్స్ మధ్యలో ఉన్న కేబీఆర్ పార్కుకి రోజూ ఎంతమంది వస్తారో మీకు తెలుసు. 1998లో అది నేషనల్ పార్కు అయింది. అంతమంది నడుస్తున్నా లోపల ఇంకా నెమళ్లు తిరుగుతున్నాయంటే, నడిచేవాళ్లు నడక బాట మీదే ఉంటారు కాబట్టి.

ఒక పొద్దున్న ఎవరూ రాకముందు వెళ్లి ఆ కోసుకుపోయిన బాట పక్కన కూర్చోండి. అది వాలుకి నిట్టనిలువుగా పైకి వెళ్తూ ఉంటుంది, నేను చూడకుండానే చెప్పగలను. మనుషులు దగ్గర దారి వెతుక్కుంటారు, నీళ్లు కూడా అదే దారి వెతుక్కుంటాయి. మధ్యలో మొరం కొట్టుకుపోయి గులకరాళ్లు తేలి ఉంటాయి. పక్కన చెట్టు వేళ్లు బయటపడి, వందల చెప్పులు తగిలి నున్నగా మెరుస్తుంటాయి. గులకరాళ్ల మీద కాలు జారుతుందని జనం పక్కన గడ్డి మీదుగా నడుస్తారు. దాంతో బాట వెడల్పవుతుంది. వచ్చే వానకి ఆ వెడల్పంతా కాలువ. మీరు గేటు మూసేసినా అది ఆగదు. ఒకసారి నీళ్లకి దారి దొరికాక మనిషి రాకపోయినా కోత కోస్తూనే ఉంటుంది. పెద్దసారుకి చూపించాల్సింది ఇదే.

దీనికి మందు ఖరీదైనది కాదు. బాటకి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, పదిహేను ఇరవై అడుగులకి ఒక రాళ్ల వరుస పాతించండి. రాయి సగానికి పైగా మట్టిలో ఉండాలి. నీళ్లు దాన్ని తగిలి పక్కకి మళ్లి గడ్డిలోకి పోతాయి. మరీ నిలువుగా ఉన్న ముక్కని ముళ్లకంపతో మూసేసి, గుట్టని చుట్టుకుంటూ మెలికలుగా పైకి వెళ్లే బాట కొత్తగా వేయించండి. మేకలు నడిచిన బాటలు చూడండి, అవి ఎప్పుడూ వాలుని అడ్డంగా కోసుకుంటూ వెళ్తాయి. మేం మా బాటని సగం దూరం మేకల బాట మీదే వేశాం. ఈ పనంతా మృగశిర కార్తెలోపు, అంటే జూన్ మొదటి వారంలోపు అయిపోవాలి. రోహిణి కార్తె ఎండలు తట్టుకోవడం కష్టం కాబట్టి పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా పని పెట్టుకుని, కూలి మాత్రం పూర్తి రోజుది ఇవ్వండి.

మీకు ఇంకో చిన్న విషయం చెప్పాలి. బండ్లు ఆపే చోట ఇప్పుడు చూడండి. తీతువు పిట్ట గూడంటూ కట్టదు. గులకనేల మీద నాలుగు రాళ్లు పక్కకి తోసి, ఆ గుంటలో గుడ్లు పెడుతుంది. సాధారణంగా నాలుగు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు, పక్కనున్న రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు. కారు టైరుకి అసలే తెలియదు. మీరు దగ్గరికి వెళ్తే పిట్ట అరుస్తూ తల మీద తిరుగుతుంది. తీతువు అరిస్తే అపశకునం అంటారు మన పెద్దలు. పాపం, అది మనల్ని పిల్లల దగ్గరికి రావద్దంటోంది, అంతే. మార్చి నుంచి వానాకాలం మధ్య దాకా అవి గుడ్లు పెడతాయి, నెలరోజులు పొదుగుతాయి. అరుపు ఎక్కడ ఎక్కువగా వినిపిస్తోందో చూసి, ఆ ముక్క చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి తాడు కట్టండి. వచ్చిన పిల్లలకి దూరం నుంచి బైనాక్యులర్‌లో చూపించండి. నేను చూసినంతలో, ఎంత అల్లరి పిల్లలైనా ఆ తాడు దగ్గర గొంతు తగ్గిస్తారు.

మీ ఏడాది క్యాలెండర్‌ని ఇలాగే వేసుకోండి. ముందు గుట్ట సంవత్సరం రాసుకోండి, తర్వాత దానిలో మనుషులకి చోటు వెతకండి. మనలో చాలామంది స్కూళ్ల సెలవులు, కంపెనీల తేదీలు ముందు వేసుకుని, మిగిలిన రోజులు నేలకి వదిలేస్తాం. ఫిబ్రవరి నుంచి మే దాకా గడ్డి ఎండి అగ్గిపెట్టెలా ఉంటుంది. ఆ నెలల్లో వంట, సిగరెట్, క్యాంప్ ఫైర్ ఏదీ గుట్ట మీద ఉండకూడదు. జనవరిలోనే కంచె లోపల చుట్టూ గడ్డి కోసి మంట దాటలేనంత వెడల్పు ఖాళీ ఉంచుకోవాలి. వానలు పడ్డాక బండల మీది దొనల్లో నీళ్లు నిలుస్తాయి. కప్పపిల్లలు అందులోనే పెరుగుతాయి. అక్టోబరు దాకా అటువైపు ఎవరినీ పంపకండి. నవంబరు నుంచి జనవరి దాకా మాత్రం మీకు పండగ. చల్లటి పొద్దులు, వలస పక్షులు, తడి ఆరిన బాట. స్కూలు పిల్లల కార్యక్రమాలన్నీ ఆ మూడు నెలల్లోకి తెచ్చుకోండి.

ఆదివారాలకి నా సలహా ఇది. గేటు నుంచి గుట్ట మొదట్లో పెద్ద చెట్టు దాకా ఎవరైనా, ఎప్పుడైనా రావచ్చు, టికెట్ వద్దు. పైకి వెళ్లే చుట్టు బాటకి మాత్రం మనిషి తోడుండాలి. పదిహేనుమందికి మించకుండా, పొద్దున రెండు జట్లు, సాయంత్రం ఒకటి. దానికి డబ్బు తీసుకోండి. ట్రస్టీలకి ఈ లెక్క వేసి చూపించండి. ఊరికే వచ్చి బండల మీద పేర్లు రాసి వెళ్లే 200 మంది కంటే, రెండు గంటలు నడిచి ఇంటికెళ్లి నలుగురికి చెప్పే 45 మంది దగ్గర నుంచే విరాళాలు వస్తాయి. నేను చూసిన ప్రతి చోటా అలాగే జరిగింది.

ఆ రెండు గంటల్లో ఏం చెప్పాలని భయపడకండి. మీ కాళ్ల కింద ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లని ఎవరూ పేర్చలేదు. ఒకే బండ భూమి లోపల పగుళ్లిచ్చింది, ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి మూలలన్నీ అరగదీశాయి, చుట్టూ ఉన్న మెత్తటి మట్టి కొట్టుకుపోయాక గుండ్లు ఉన్నచోటనే మిగిలాయి. హైదరాబాద్‌లో ఈ బండల కోసం 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు జనాన్ని బండల దగ్గరికి నడిపిస్తుంటారు. నాలుగైదు నడకలు వాళ్లతో వెళ్లి రండి. పిట్టల కోసం డెక్కన్ బర్డర్స్ ఉన్నారు.

మీ గుట్టకి ఇంకో కథ ఉంది, అది నగరంలో వాళ్లకి గుండెకి తగులుతుంది. శంకర్‌పల్లి వైపు పడ్డ వాన మూసీలో కలిసి గండిపేట చెరువుకి, అంటే ఉస్మాన్‌సాగర్‌కి చేరుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ని ముంచెత్తింది. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో పూర్తయింది, రెండోది 1927లో. ఆ చెరువుల్లోకి వాననీళ్లు వచ్చే ప్రాంతాన్ని కాపాడడానికే 1996లో 84 ఊళ్లలో నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలని తొలగిస్తూ ఇంకో జీవో ఇచ్చారు. కాబట్టి ఇవాళ ఆ చుట్టుపక్కల వాననీటిని పీల్చుకునే గడ్డినేల ఒక్క ఎకరం మిగిలినా విలువైనదే. పిల్లల చేత ఒక చెంబు నీళ్లు కాలిబాట మీద, ఒక చెంబు గడ్డి మీద పోయించండి. ఏది ఇంకుతుందో, ఏది పారుతుందో వాళ్లే చెబుతారు.

ఊరివాళ్ల గురించి మీరు ఒకే ఒక్క వాక్యం రాశారు. నన్నడిగితే ఉత్తరంలో పెద్ద విషయం అదే. మీకంటే, పెద్దసారు కంటే ముందు నుంచి ఆ గుట్టకి వస్తున్నవాళ్లు వాళ్లు. మీరు ‘విజిటర్స్’ అని రాసే పుస్తకంలో వాళ్ల పేర్లు ఉండవు, అంతే తేడా. గుట్ట మీద రాళ్ల సందులో పసుపు రాసిన బండ ఏదైనా ఉందేమో చూడండి, మైసమ్మో పోశమ్మో అయి ఉంటుంది. ఆషాఢంలో బోనాలు ఎత్తుకుని వచ్చేవాళ్లకి గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టమనకండి. ఆ రోజు గేటు బార్లా తీసి, మీరు కూడా వెళ్లి నిలబడండి. బతుకమ్మకి తంగేడు, గునుగు కోసుకోవడానికి ఆడవాళ్లు వస్తారు, ఆ కాలంలోనే సీతాఫలాలు ఏరుకుంటారు. అది వాళ్ల పంట. కోసుకోనివ్వండి. కొమ్మ విరగ్గొట్టకుండా కోసుకోమని వాళ్లలో పెద్దామెతోనే చెప్పించండి.

మేకల విషయంలో మొత్తం మూయడం కూడా తప్పే, మొత్తం వదిలేయడం కూడా తప్పే. మేసేది ఏదీ రాకపోతే గడ్డి ముదిరి ఎండి, వేసవిలో మంటకి ఆహారమవుతుంది. ఒక భాగంలో వానలు పడ్డాక గడ్డి గింజ రాలేదాకా ఆగి, ఆ తర్వాత మేపుకోనివ్వండి. మిగతా భాగం ఒకటి రెండేళ్లు వదిలేసి, తర్వాత మార్చండి. ఏ భాగం ముందో కాపరులతో కూర్చుని తేల్చుకోండి. ఆఫీసులో కాదు, గుట్ట మీద చెట్టు కింద. చాయ్ మీరు తీసుకెళ్లండి. నేను ఒకచోట ఇలాగే కూర్చుంటే, గొర్రెలు కాసే ఒక పెద్దాయన మేం ఎప్పుడూ చూడని ఊటని చూపించాడు. ‘మీరు అడగలేదు గద బిడ్డా’ అన్నాడు. ఆ ఊట నాలుగేళ్లుగా మా మ్యాప్‌లో లేదు.

దారి చూపించేవాళ్లని ఆ ఊళ్లోంచే తీసుకోండి. ఇద్దరు ముగ్గురు యువకులు, వీలైతే ఒకరిద్దరు అమ్మాయిలు. జీతం ఇచ్చి, ఒక సీజన్ మీతో తిప్పుకోండి. మీకు చెట్ల పేర్లు రావని బాధపడుతున్నారు కదా, వాళ్లకి వస్తాయి. గుట్టకి కాపలా కాసే తాత ఎవరో ఉండే ఉంటారు, ఆయనకి వస్తాయి. రోజూ పొద్దున ఒక గంట తాత వెనక నోట్‌బుక్ పట్టుకుని నడవండి. ఆయన చెప్పిన పేరే రాసుకోండి, పక్కన ఫొటో అంటించండి, తేదీ వేయండి. శాస్త్రీయ నామాలు తర్వాత ఎవరైనా సరిచేసి పెడతారు.

అమెరికా సంగతి అడిగారు. అక్కడ ల్యాండ్ ట్రస్టులకి పని వేరేగా ఉంటుంది. చాలాసార్లు భూమి రైతు పేరు మీదే ఉంటుంది, అందులో ఇళ్లు కట్టకూడదని శాశ్వతంగా ఒప్పందం రాసుకుంటారు. దాన్ని చూసుకునే ఉద్యోగి ఏడాదికి ఒకసారైనా వెళ్లి భూమంతా తిరిగి, మొదటి రోజు తీసిన ఫొటోలతో పోల్చి రిపోర్ట్ రాస్తాడు. ఆ ఒప్పందాల పద్ధతి మనకి అలవాటు లేదు గానీ ఆ రిపోర్ట్ అలవాటు మాత్రం తెచ్చుకోండి. మన దగ్గర ఎకరం కోట్లు పలికే చోట అది ఇంకా అవసరం. నెలకోసారి హద్దు మొత్తం నడవండి. ప్రతి హద్దురాయికి ఫొటో, తేదీ. ఏ రాయి అయినా రెండడుగులు జరిగితే ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నెల ఆగితే మీ మాట ఎవరూ వినరు. సర్వే నంబర్లు, పాస్‌బుక్ ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో సరిగ్గా ఎక్కాయో లేదో లాయర్ చేత చూపించండి. చెట్టు ఏదైనా కొట్టాల్సి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ముందు తీసుకోండి. ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఈ భాగం మీకు వెన్నతో పెట్టిన విద్య. పదకొండేళ్లు వృథా పోలేదు.

మనుషుల ప్రాణం గురించి మూడు మాటలు. బండల చూరుకి పెద్ద తేనెటీగల పట్టు ఉంటే ఆ సీజన్ అంతా అటు బాట మూసేయాలి. సెంటు పూసుకొచ్చినవాళ్లనీ, రాళ్లు విసిరే పిల్లలనీ అటు పోనివ్వకూడదు. ఉరుము వినిపించిన క్షణం అందరూ బండ దిగాలి, పిట్ట ఎంత అరుదైనదైనా సరే. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కాలు కదపకుండా మోసుకెళ్లి బండి ఎక్కించాలి. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు ఉందో ఇప్పుడే వెళ్లి అడిగి, ఆ నంబర్ గేటు దగ్గర రాయించండి. రక్తపింజర ఇలాంటి నేలలోనే తిరుగుతుంది కాబట్టి చెప్పులతో వచ్చినవాళ్లని పైకి పంపకండి, ఎంత పెద్దవాళ్లయినా.

దసరా నాడు పాలపిట్టని చూడాలని మనవాళ్లకి ఆశ. దానికోసం కొందరు పిట్టల్ని పట్టి, పంజరాల్లో పెట్టి, వీధుల్లో తిప్పి డబ్బు తీసుకుంటారు. అలా పట్టడం నేరం. మీ గుట్ట మీద పాలపిట్ట ఉండే ఉంటుంది, తీగ మీదనో ఎండుకొమ్మ మీదనో ఒంటరిగా కూర్చుంటుంది. ఈ దసరా పొద్దున్నే ఊరివాళ్లనీ, నగరంలోవాళ్లనీ కలిపి పిలవండి. జమ్మి చెట్టు దగ్గర నిలబెట్టి, రెక్క విప్పి ఎగిరే పాలపిట్టని చూపించండి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉన్నది, ఎగరగానే నీలంగా మారిపోతుంది. మీ పెద్దసారునీ, ట్రస్టీలనీ ఆ రోజు పక్కపక్కన నిలబెట్టండి.

అది అక్టోబరు మాట. ఇప్పుడు మే. కంపెనీకి ఫోన్ చేయండి, రేపు పొద్దున్నే కాపలా తాతతో బాట దగ్గరికి వెళ్లండి, రాళ్లు ఎన్ని కావాలో లెక్కపెట్టండి. మొదటి వాన పడ్డాక పైనున్న దొనల్లో ఒకదాన్ని ఎంచుకుని, నీళ్లు ఏ రోజు నిండాయో, ఎన్నాళ్లు నిలిచాయో, కప్పపిల్లలు ఏ రోజు కనిపించాయో నోట్‌బుక్‌లో రాసుకుని నాకూ ఒక ఉత్తరం రాయండి. ఎదురుచూస్తుంటాను.

మీ అక్క